క్రాంక్‌బెయిట్ అంటే నీళ్ళలో తలకిందుల గాలిపటం

అమెరికాలో మెంఫిస్ దగ్గర ఉండే ఒక పాఠకుడు అడిగిన ప్రశ్న ఇది. ఎండాకాలంలో వాళ్ళు కొంతమంది కలిసి మిసిసిపీ రాష్ట్రంలోని సార్డిస్ లేక్‌కి క్రాపీ చేపల కోసం వెళ్తారట, బోటు వెనకాల క్రాంక్‌బెయిట్లు (చిన్న చేపలా ఉండే ఉత్తుత్తి ఎరలు) కట్టి మెల్లగా లాక్కుంటూ పోతారు, దీన్నే ట్రోలింగ్ అంటారు. బోటు స్పీడ్ పెంచితే ఎర ఇంకా లోతుకి దిగుతుందని ఒకాయన, కాదు పైకి లేస్తుందని ఇంకొకాయన వాదన, ఎవరిది కరెక్టండీ అని.

ఇద్దరిదీ కాదు! స్పీడ్ మారినా ఎర దాదాపు అదే లోతులో ఉంటుంది. ఎందుకో తెలిస్తే భలే ముచ్చటేస్తుంది.

క్రాపీ గురించి పెద్దగా చెప్పను, పలచగా వెడల్పుగా ఉండే వెండి రంగు చేప, 1957లో అక్కడికి దగ్గర్లోనే ఎనిడ్ డ్యామ్ దగ్గర పడిన 5 పౌండ్ల 3 ఔన్సుల వైట్ క్రాపీ ప్రపంచ రికార్డు. తినేది ముఖ్యంగా షాడ్ అనే చిన్న చేపల్ని (మన పులసకి చుట్టాలే లెండి). ఎండాకాలంలో అడుగు నీళ్ళలో ఆక్సిజన్ తగ్గిపోతుంది, అందుకని ఇవి మధ్య లోతులో వేలాడుతుంటాయి, పైగా వీటి చూపు పైకే. ఎర రెండడుగులు పైన పోతే వచ్చి కొడుతుంది, రెండడుగులు కింద పోతే పట్టించుకోదు. కాబట్టి లోతు తేలితే సగం పని అయినట్టే.

ఇప్పుడు అసలు సంగతి. క్రాంక్‌బెయిట్ నీళ్ళలో వేస్తే తేలుతుంది, దాంట్లో ముంచే బరువేమీ లేదు. ముక్కు దగ్గర ఏటవాలుగా ఒక ప్లాస్టిక్ బిళ్ళ ఉంటుంది, దాన్ని లిప్ అంటారు. లాగినప్పుడు నీళ్ళు ఆ బిళ్ళని కొట్టి కిందకి తోస్తాయి. సంక్రాంతికి మనం ఎగరేసే గాలిపటాన్ని తిరగేసి చూడండి, అంతా అదే. గాలి పటాన్ని పైకి తోస్తుంది, ఇక్కడ నీళ్ళు ఎరని కిందకి తోస్తాయి. పటం బరువు దాన్ని కిందకి లాగుతుంది, ఇక్కడ తేలే గుణం ఎరని పైకి లాగుతుంది. పటానికి కన్నాలు ఎక్కడ కట్టామన్నదాని మీద అది ఏ వాలులో నిలబడుతుందో ఉన్నట్టే, ఎరకి దారం ముడేసే రింగు ఎక్కడుందన్నదాని మీద అది ఎంత ఏటవాలుగా దిగుతుందో ఉంటుంది. ఆ రింగు కాస్త పక్కకి వంగిందా, కన్నాలు సరిగ్గా కుదరని పటంలాగే ఒక పక్కకి గింగిరాలు కొడుతూ పోతుంది.

గాలి చాలినంత ఉన్నాక, ఇంకా జోరుగా వీచినా పటం ఆకాశంలో ఇంచుమించు అదే కోణంలో ఉంటుంది, దారం బిగుతు మాత్రం చేతిని కోసేంత పెరుగుతుంది. ఎందుకంటే పైకి తోసే బలం, వెనక్కి లాగే బలం రెండూ వేగం వర్గంతో పెరుగుతాయి, కోణం తేల్చేది ఆ రెండిటి నిష్పత్తి, నిష్పత్తిలో వేగం కొట్టుకుపోతుంది. బోటు గంటకి 1.5 మైళ్ళ నుంచి 2 మైళ్ళకి పెరిగితే ఎరని కిందకి తోసే బలం దాదాపు 1.8 రెట్లవుతుంది, దారం మీద నీటి ఒరిపిడి కూడా దాదాపు అంతే పెరుగుతుంది. లెక్క సరిపోయింది. బాగా నెమ్మదిగా పోతేనే, తేలే గుణం వేగంతో మారదు కాబట్టి, దానిది పైచేయి అయి ఎర పైకొస్తుంది.

మరి పైకి లేస్తుందన్నాయన ఎందుకలా అన్నాడు? బహుశా సీసం గుండు కట్టి లాగిన అలవాటేమో. గుండు బరువు మారదు, ఒరిపిడి మాత్రం పెరుగుతుంది, కాబట్టి స్పీడ్ పెంచితే గుండు పైకి లేస్తుంది. స్కూల్లో బలాల పాఠం చెప్పేటప్పుడు జారుడు బల్ల మీద దిమ్మలు పెట్టి విసిగించే బదులు ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తే పిల్లలు జన్మలో మర్చిపోరు.

స్పీడు కాకపోతే లోతుని మార్చేది ఏంటి? దారం. 0.3 మిల్లీమీటర్ల లావు నైలాన్ దారం, సెకనుకి 0.8 మీటర్ల వేగం, దారం నీటికి ఎంత అడ్డుపడుతుందో చెప్పే డ్రాగ్ కోఎఫిషియెంట్ సుమారు 1.2 వేసుకుంటే, నీటికి అడ్డంగా ఉన్న ప్రతి మీటరు దారం మీదా 0.12 న్యూటన్లు, అంటే 12 గ్రాముల బరువంత ఒరిపిడి. వాలుగా ఉంటే మీటరుకి ఇంత పడదు గానీ దారం చాలా పొడుగు కదా, మొత్తం కూడుతుంది. ఈ ఒరిపిడి దారాన్ని వెనక్కే కాదు, కొంచెం పైకి కూడా ఎత్తుతుంది. అందుకే ఎర దగ్గర కాస్త నిటారుగా ఉండే దారం బోటు వైపు వచ్చేకొద్దీ పడుకుంటుంది, ఎత్తులో ఉన్న పటం దారం మన చేతి దగ్గర వాలిపోయినట్టే. ఇంకా దారం వదిలితే ఆ పడుకున్న భాగమే పొడుగవుతుంది, లోతు పెద్దగా పెరగదు. మొదటి 50 అడుగులు ఇచ్చినంత లోతు తర్వాతి 50 ఇవ్వవు. అదే బలమున్న సన్నటి అల్లిక దారం, బ్రెయిడ్ అంటారు, కడితే అంతే పొడుగుకి ఎర ఇంకా కిందకి దిగుతుంది. వాళ్ళ రీళ్ళకి అడుగులు లెక్కపెట్టే మీటరు ఉండేది ఇందుకే.

అయితే స్పీడు దండగా అంటే కాదు. ఎర అటూ ఇటూ ఊగే జోరు వేగంతో పాటు పెరుగుతుంది, చేప ఒంటి పక్కనున్న పార్శ్వరేఖ నీళ్ళలో ఇలాంటి కదలికల్ని ఇట్టే పసిగడుతుంది. బోటు వంపు తిరిగేటప్పుడు లోపలి వైపు ఎర నెమ్మదిస్తుంది, బయటి వైపుది పరుగెత్తుతుంది, అలాంటప్పుడే చేపలు ఎక్కువ పడతాయంటారు. లోతు మారి కాదు, ఊపు మారి అని నా అనుమానం. అమెరికాలో బోటులో అరటిపండు ఉంటే చేపలు పడవని ఒక నమ్మకం ఉంది, దానికి మాత్రం నా దగ్గర ఏ సూత్రమూ లేదు, పండు ఒడ్డునే తినేసి బోటెక్కండి.

నా మాట నమ్మక్కర్లేదు, సరస్సులో అడుగు చదునుగా ఉన్నచోట, లోతు కొలిచే సోనార్‌లో 12 అడుగులు చూపించే దగ్గర, ఎర అప్పుడప్పుడూ నేలకి తగిలి రాడ్ కొస టకటకమనేదాకా దారం వదలండి. మీటరు ఎంత చూపిస్తోందో రాసుకుని, స్పీడ్ గంటకి 1.5 మైళ్ళ నుంచి 2కి పెంచి మళ్ళీ అదే దారి మీద తిరగండి. ఆ టకటక ఆగిపోతే మీ రెండో ఆయన గెలిచినట్టు.