కొత్తిమీరకో దీపం

మా ఫ్లాటు రెండో అంతస్తులో. పక్క ఖాళీ స్థలంలో అయిదంతస్తులు లేచాక బాల్కనీలోకి ఎండ రావడం మానేసింది. ఆ తర్వాత వేసిన కొత్తిమీర మొలిచింది గానీ, దారప్పోగులా సాగి, రెండాకులు వేసి వాలిపోయింది. వంటింట్లో ట్యూబ్‌లైటు కింద పెట్టి చూశాను. అక్కడా అంతే. "ఇంత వెలుతురులో ఉంటే ఇంకేం కావాలట దీనికి?" అని అమ్మ విసుక్కుంది.

వెలుతురు ఉందని చెప్పింది మన కన్ను. ఈ వ్యవహారంలో దాని సాక్ష్యం చెల్లదు. ట్యూబ్‌లైటు వేసిన గదిలో, వెలుతురును కంటి లెక్కన కొలిచే లక్స్ మీటరు 200, 300 చూపిస్తుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో లక్ష చూపిస్తుంది. మూడొందల రెట్లకు పైగా తేడా ఉన్నా కన్ను సర్దుకుని రెండుచోట్లా పేపరు చదివేస్తుంది. మొక్కకు అంత సర్దుబాటు లేదు. సెకనుకు ఆకు మీద ఎన్ని ఫోటాన్లు, అంటే వెలుతురు రేణువులు, పడ్డాయన్నదే దాని లెక్క. ఆ లెక్కను మైక్రోమోళ్లలో చెబుతారు (డజనులాగే ఇదీ ఒక లెక్క, కాకపోతే చాలా పెద్దది). మంచి ఎండ అంటే చదరపు మీటరుకు సెకనుకు 2000 మైక్రోమోళ్ల దాకా ఉంటుంది. తెల్ల ఎల్ఈడీ కిందైనా ట్యూబ్‌లైటు కిందైనా లక్స్‌ని 70తో భాగిస్తే ఉజ్జాయింపు అంకె వస్తుంది. మా వంటింటి 300 లక్స్ అంటే నాలుగు మైక్రోమోళ్లు. ఆకుకూర బాగా ఎదగాలంటే, రోజుకు 14 గంటలు దీపం వేసినా, 200 దగ్గర ఉండాలి. అన్నానికి పిలిచి నాలుగు మెతుకులు వడ్డించానన్నమాట.

సరే, దీపం కొందామని చూస్తే అన్నీ ఊదారంగువే. మొక్కకు ఎరుపు, నీలం చాలు, ఆకుపచ్చ వృథా అంటారు. ఈ మాటకు పాత మూలమే ఉంది. 1882లో జర్మనీ శాస్త్రవేత్త థియోడర్ ఎంగెల్మన్ ఒక నాచుపోగు మీద పట్టకంతో ఇంద్రధనుస్సు రంగులు పడేట్టు చేసి, చుట్టూ ఆక్సిజన్‌ని వెతుక్కుంటూ పోయే బాక్టీరియాను వదిలాడు. అవి ఎరుపు, నీలం పడ్డ చోట్ల గుంపు కట్టాయి. అక్కడే కిరణజన్య సంయోగక్రియ ఎక్కువ జరుగుతోందని తేలింది. ఇంత చవకైన, ఇంత తెలివైన ప్రయోగం నాకు ఇంకోటి తోచదు. కానీ నాచుపోగు వేరు, మందపాటి ఆకు వేరు. ఆకులోకి దూరిన ఆకుపచ్చ కాంతి కణాల మధ్య అటూఇటూ చెదిరి, చివరికి చాలావరకు పట్టుబడిపోతుంది. కీత్ మెక్‌క్రీ అనే శాస్త్రవేత్త 22 రకాల పంట మొక్కల ఆకుల్ని ఒక్కో రంగు కిందా కొలిచి, 1972లో వివరాలు ప్రచురించాడు. ఎరుపుది పైచేయే అయినా ఆకుపచ్చ వృథా ఏమీ కాదు. మన కంటికి ఆకు పచ్చగా కనిపించేది, మింగకుండా వదిలేసిన కొంచెం పచ్చదనం వల్ల. ఇక్కడా కన్ను చెప్పింది సగం నిజమే.

అందుకని నేను తెల్ల ఎల్ఈడీలే ఎంచుకున్నాను. తెల్ల ఎల్ఈడీ లోపల ఉండేది నీలం ఎల్ఈడీయే. దాని మీద, నీలం కాంతిలో కొంత మింగి పసుపుపచ్చ కాంతి ఇచ్చే ఫాస్ఫర్ పూత ఉంటుంది. ఆ నీలం కాంతిని సాధించినందుకే శాస్త్రవేత్తలు అకసాకి, అమనో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. తెల్లవాటికి తోడు నాలుగో వంతో మూడో వంతో 660 నానోమీటర్ల ఎరుపువి కలిపితే లాభం. ఎరుపు ఫోటాన్‌కి శక్తి తక్కువ కాబట్టి, అదే శక్తికి నీలం కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు ఫోటాన్లు వస్తాయి. మొక్క లెక్కపెట్టేది ఫోటాన్లనే కదా.

హైదరాబాదులో ఉన్నవాళ్లకు సామాను కోసం కోఠి గుజరాతీ గల్లీ ఉండనే ఉంది. వెళ్లేముందు కాగితం మీద లెక్క వేసుకోవాలి, లేకపోతే గల్లీలో కనిపించిందల్లా సంచిలో పడుతుంది. నేను మొక్కలు పెట్టే షెల్ఫు రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అంటే చదరపు మీటరులో అయిదో వంతు కూడా లేదు. 200 చొప్పున 37 మైక్రోమోళ్లు. పక్కలకు పోయేది కలిపితే 50. మామూలు రకం ఎల్ఈడీ ఒక వాటుకు ఒకటిన్నర మైక్రోమోల్ ఇస్తుందనుకుంటే 33 వాట్లు. ఎనిమిది తెల్లవి (ఒక్కోటి 3 వోల్టులు), నాలుగు ఎరుపువి (2.2 వోల్టులు) వరసగా కలిపితే దాదాపు 33 వోల్టులు. 500 మిల్లీయాంపుల మీద నడిస్తే పదహారు వాట్లు. అలాంటి వరసలు రెండు. ఇవి "మూడు వాట్ల" బీడ్స్‌గా అమ్మేవే. వాటి చేత సగం పని చేయిస్తే వేడి తగ్గుతుంది, వాటుకు వచ్చే వెలుతురు పెరుగుతుంది.

ఎల్ఈడీలు తెచ్చుకోగానే అయిపోయిందనుకున్నాను. ఇల్లు అలకగానే పండగ కాదు. అసలు సామాను డ్రైవర్, అంటే ఇంటి కరెంటును ఎల్ఈడీలకు తగ్గట్టు మార్చి ఇచ్చే పెట్టె. ఎల్ఈడీకి వోల్టేజీ 0.2 వోల్టు పెరిగినా కరెంటు రెట్టింపు కావచ్చు. పైగా వేడెక్కితే అది తక్కువ వోల్టేజీకే ఎక్కువ కరెంటు లాగుతుంది, దాంతో ఇంకా వేడెక్కుతుంది. అందుకే వోల్టేజీ కాదు, కరెంటును స్థిరంగా పట్టి ఉంచే డ్రైవర్ కావాలి. దాని మీద 500 ఎంఏ (మిల్లీయాంపులు), 24–42 వోల్టులు అని ఉంటే మన 33 అందులో ఇముడుతుంది. ఒక్కో వరసకు ఒక్కో డ్రైవర్.

రెండోది హీట్ సింక్, అంటే వేడిని లాగి గాలిలోకి వదిలే లోహపు ముక్క. పాత ఫిలమెంటు బల్బు తన వేడిని వెలుతురుతో పాటు ముందుకే చిమ్మేది. ఎల్ఈడీ తిన్న కరెంటులో సగానికి పైగా వేడయి, వెనక వైపు నుంచే పోవాలి. దారి లేకపోతే చచ్చిపోతుంది. నా మొదటి ప్రయత్నంలో, సందులు పూడ్చి వేడిని దాటించే థర్మల్ పేస్ట్ దండగని మానేసి, బీడ్స్‌ని రేకు మీద స్క్రూలతో బిగించాను. చూడ్డానికి అతుక్కున్నట్టే ఉన్నాయి. కంటికి కనపడని ఆ సందుల్లో ఉన్నది గాలి, వేడిని పోనివ్వదు. అరగంటకి వాసన, మూడు ఎల్ఈడీలు నల్లబడ్డాయి. రెండోసారి స్లైడింగ్ కిటికీలు చేసే షాపులో మిగిలిన అల్యూమినియం ఛానెల్ ముక్కలు తూకానికి తెచ్చి, ఒక్కో ఎల్ఈడీ కింద జొన్నగింజంత పేస్ట్ పెట్టాను. గంట వెలిగాక ఛానెల్ మీద చెయ్యి పెట్టి ఉంచగలిగితే పాసైనట్టే. ప్లగ్గు తీశాకే చెయ్యి పెట్టండి.

డ్రైవర్ అక్కర్లేదు, నేరుగా 230 వోల్టులకు కలుపుకోమనే చవక చిప్పులు దొరుకుతాయి. నన్నడిగితే వాటి జోలికి పోవద్దు. మెయిన్స్‌కీ మీ చేతికీ మధ్య ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, కిందేమో నీళ్లు పోసే ట్రే. డ్రైవర్ కొన్నా ఐసొలేటెడ్ రకమే (లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నది) అడగండి, ఛానెల్‌కి ఎర్త్ వైరు కలపండి.

డ్రైవర్లలో పోయేది కలిపి గోడ ప్లగ్గు నుంచి 37 వాట్లు లాగుతోంది. టైమరు పెట్టి 14 గంటలు, నెలకు పదిహేను యూనిట్లు. ఆ డబ్బుకు బజార్లో ఎన్ని కట్టలు వస్తాయో అమ్మ లెక్క చెప్పింది. నేను వినలేదు.

ఇది విని న్యూజెర్సీలో మా వదిన కూడా చలికాలం హాల్లోకి తెచ్చిన కరివేపాకు మొక్క మీద ఇలాంటి దీపమే పెట్టించుకుంది. నెలైనా ఒక్క చిగురు లేదంది. ఫోటో పంపమన్నాను. దీపం సీలింగుకి ఉంది, మొక్క నేల మీద, మధ్యలో అయిదడుగులు. దూరం రెట్టింపయితే ఒక్క దీపం నుంచి పడే కాంతి నాలుగో వంతుకు వస్తుంది. అడుగున్నర ఎత్తుకు దించమన్నాను. "హాలు ఏం బాగుంటుంది మరిదీ" అంది. బేరాలాడి మూడడుగులకు ఒప్పించాను. ఇంకా చిగురు రాలేదట.