ఇవ్వగలరు అన్నారు, ఇచ్చారా? సుంకాల గొడవ వెనుక ఒక పాత బాకీ

2025 ఏప్రిల్ 2న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ దాదాపు అన్ని దేశాల సరుకుల మీదా కనీసం 10 శాతం సుంకం ప్రకటించారు. అప్పటి నుంచి పాతకాలపు బ్రిటిష్ ఆర్థికవేత్త డేవిడ్ రికార్డో పేరు మళ్లీ చర్చల్లో నలుగుతోంది. సుంకాలతో అందరికీ నష్టమేనని ఆర్థికవేత్తలు ఆయన తులనాత్మక వ్యయ సిద్ధాంతాన్ని చూపించి చెబుతున్నారు. ఏ దేశమైనా పోల్చి చూస్తే తనకు ఎక్కువ అనువైన పని మీద నిలబడి, మిగతావి బయట కొనుక్కుంటే అందరికీ లాభమన్నది దాని సారం. వాణిజ్యంలో వచ్చిన లాభం తమ గుమ్మం దాకా రాలేదని ఫ్యాక్టరీలు మూతపడిన ఊళ్ల వాళ్లు అంటున్నారు. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజమే. ఎలాగో తెలియాలంటే 1817లో రికార్డో వేసిన లెక్క కంటే 1941లో వచ్చిన ఒక వ్యాసం ముఖ్యం.

1817 నాటి లెక్క చాలామందికి తెలిసిందే. ఏడాదికి కావాల్సిన బట్టకు ఇంగ్లండ్‌లో 100 మంది, పోర్చుగల్‌లో 90 మంది పనిచేయాలి. వైన్‌కు ఇంగ్లండ్‌లో 120 మంది, పోర్చుగల్‌లో 80 మంది. రెండు పనుల్లోనూ పోర్చుగల్‌దే పైచేయి. అయినా పోర్చుగల్ వైన్ మీదే నిలబడి, 80 మంది శ్రమకు బదులుగా 90 మంది శ్రమ పట్టే బట్ట తెచ్చుకుంటుంది. ఇంగ్లండ్ 100 మంది నేసిన బట్ట ఇచ్చి 120 మంది శ్రమ పట్టే వైన్ తెచ్చుకుంటుంది. ఇద్దరికీ మిగులే. లెక్కలో తప్పు లేదు.

మరి ఇంగ్లండ్‌లో వైన్ పని మానుకున్న ఆ 120 మంది ఏమయ్యారు? లెక్క ప్రకారం మర్నాడే మగ్గం ముందు కూర్చున్నారు. కొత్త పని నేర్చుకోవడానికి పట్టే ఏళ్లు, ఊరు వదలాల్సిన బాధ, ఇంటి మీద ఆగని అప్పు అందులో కనిపించవు. దీనికి రికార్డోను తప్పుపట్టడం న్యాయం కాదు. దేశంలో పండినది భూస్వామికి, పెట్టుబడిదారుకు, కూలికి ఎలా పంచబడుతుందన్నదే ఈ శాస్త్రంలో ప్రధాన సమస్య అని ఆయన తన పుస్తకం ముందుమాటలోనే రాశారు. స్వయంగా భూస్వామి అయి ఉండి కూడా, బయటి ధాన్యాన్ని అడ్డుకుని భూస్వాములకు మేలు చేసే ధాన్య చట్టాలను వ్యతిరేకించారు. యంత్రాల వల్ల కూలీలకు హాని జరగవచ్చని 1821 కూర్పులో కొత్త అధ్యాయమే చేర్చి, తన పాత అభిప్రాయాన్ని మార్చుకున్నారు. పంపకం గురించి ఇంత ఆలోచించిన మనిషి నుంచి పాఠ్యపుస్తకాలు ఎక్కువగా తీసుకున్నది మాత్రం ఆ బట్ట, వైన్ లెక్కనే.

ఇక అసలు మలుపు. 1941లో ఆర్థికవేత్తలు వోల్ఫ్‌గాంగ్ స్టోల్పర్, పాల్ శామ్యూల్‌సన్ ఒక చిన్న పరిశోధనా వ్యాసం రాశారు. పెట్టుబడి సమృద్ధిగా ఉండి శ్రామికులు తక్కువగా ఉన్న దేశం బయటి సరుకులకు తలుపులు తెరిస్తే అక్కడి కూలి పడిపోవచ్చని అందులో రుజువు చేశారు. ఇక్కడ పడిపోయేది నిజ కూలి. అంటే సరుకులు చవకయ్యాయన్నది కలుపుకున్నాక కూడా కూలికి నష్టమే. అమెరికన్ ఎకనమిక్ రివ్యూ ఈ వ్యాసాన్ని తిప్పి పంపింది. తర్వాత మరో పత్రికలో వచ్చింది. ఇద్దరూ సుంకాలను సమర్థించలేదు, తమ వాదనను అందుకు వాడుకోవద్దని కూడా చెప్పారు. ఒకరికి జరిగే హాని కంటే మరొకరికి వచ్చే లాభం ఎక్కువ కాబట్టి, నష్టపోయినవాళ్లకు అందులోంచి కొంత ఇచ్చి అందరినీ బాగుచేయడం ఎప్పుడైనా సాధ్యమే అన్నారు.

సాధ్యమే అన్న ఆ ఒక్క మాట దగ్గరే నేను ఆగిపోతాను. అంతకు రెండేళ్ల ముందు, 1939లో, ఆర్థికవేత్తలు నికొలస్ కాల్డర్, జాన్ హిక్స్ ఒక కొలబద్ద ఇచ్చారు. లాభపడినవాళ్లు నష్టపోయినవాళ్లకు పరిహారం ఇవ్వగలిగితే చాలు, ఆ మార్పు మంచిదే. నిజంగా ఇచ్చారా లేదా అన్నది ఆ కొలతలోకి రాదు. వాణిజ్య ఒప్పందాల మీద దశాబ్దాల పాటు వచ్చిన సమర్థనలకు కింద ఉన్న పునాది ఇదే.

ఇవ్వడానికి అమెరికా ఒకసారి ప్రయత్నించింది. 1962లో అధ్యక్షుడు కెన్నెడీ సుంకాలు తగ్గించే అధికారం తీసుకుంటూ, దిగుమతుల వల్ల పని పోయినవాళ్లకు భృతి, శిక్షణ ఇచ్చే పథకం పెట్టారు. పని పోవడానికి సుంకం తగ్గింపే ప్రధాన కారణమని నిరూపించాలన్న షరతు ఎంత కఠినంగా ఉందంటే, 1969 దాకా ఒక్క కార్మిక బృందానికీ ఆమోదం దొరకలేదు. ఏడేళ్లు! 1974లో షరతులు సడలించారు. 1981లో రీగన్ హయాంలో మళ్లీ కోత పెట్టారు.

2001 డిసెంబర్‌లో చైనా ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరేనాటికి ఉన్న రక్షణ అంతే. 1990 నుంచి 2007 వరకు అమెరికాలో తగ్గిన ఫ్యాక్టరీ ఉద్యోగాల్లో సుమారు పావు వంతుకు చైనా దిగుమతులే కారణమని ఆర్థికవేత్తలు డేవిడ్ ఆటర్, డేవిడ్ డార్న్, గోర్డన్ హాన్సన్ 2013లో లెక్కగట్టారు. దెబ్బ దేశమంతా సమానంగా పడలేదు. కొన్ని ప్రాంతాల మీదే పడింది, అక్కడి జనం అనుకున్నట్టు వేరే చోట్లకు తరలిపోలేదు. ఆ ప్రాంతాలకు ప్రభుత్వం నుంచి వెళ్లిన అదనపు డబ్బులో వైకల్య పింఛన్లు, వైద్య ఖర్చులు పెద్ద భాగం. వాణిజ్యంలో నష్టపోయినవాళ్ల కోసమే పుట్టిన పథకం వాటా అతి స్వల్పం. పని పోయి, ఒళ్లు బాగోలేదని రాయించుకుంటే గానీ సాయం దొరకని స్థితిలోకి మనుషుల్ని నెట్టడాన్ని నేను పరిహారం అనలేను.

సుంకాలు కూడా ఈ బాకీ తీర్చవు. 2018లో వాషింగ్ మెషీన్ల మీద వేసిన సుంకంతో సుమారు 1,800 ఉద్యోగాలు వచ్చాయని, కొనేవాళ్ల జేబుల్లోంచి ఒక్కో ఉద్యోగానికి దాదాపు 8,15,000 డాలర్లు పోయాయని పరిశోధకులు తేల్చారు. స్వేచ్ఛా వాణిజ్యం వైపు వాళ్లు దీన్ని గట్టిగా పట్టుకోవడంలో తప్పులేదు. చవక సరుకులు కోట్ల ఇళ్లకు అందాయన్నదీ నిజమే.

ఇక 1962 నాటి ఆ పథకం సంగతి. కాంగ్రెస్ గడువు పొడిగించకపోవడంతో 2022 జులై 1 నుంచి కొత్త దరఖాస్తులకు ఆమోదం ఇవ్వడం ఆగిపోయింది. మూడేళ్లు తిరగకముందే సుంకాల ప్రకటన వచ్చింది.