ఒడ్డునే ఉన్నాం కదా, ఏమవుతుంది? సముద్రంలో ఆటల మీద అపోహలు - వాస్తవాలు

విశాఖ రుషికొండలో టూరిస్టుల చేత కయాకింగ్ (చిన్న తెడ్డు పడవ నడపడం), జెట్ స్కీ (నీటి మీద నడిచే స్కూటర్ లాంటి బండి), స్కూబా (వీపున గాలి సిలిండర్‌తో నీటి కిందికి దిగడం) చేయించడం నా పని. సెలవులు మొదలైతే హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి, అటు రాయపూర్ నుంచి కుటుంబాలకి కుటుంబాలు దిగుతాయి. ఎక్కువ మంది నోట వినే మాట ఒకటే. "బాబూ, మా అమ్మాయికి ఈత రాదు. ఈ బోట్లూ గీట్లూ వద్దులే, ఇక్కడే ఒడ్డున కాళ్ళు తడుపుకుంటాం." లైఫ్ జాకెట్ వేసి, పక్కన మనిషిని పెట్టి, వెనకే బోటు తిప్పుతూ తీసుకెళ్తామంటే టెన్షన్. లైఫ్ గార్డ్ కనుచూపు మేరలో లేని చోట జీన్స్ ప్యాంటుతో, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని అలల్లోకి నడవడానికి మాత్రం ఏ భయమూ ఉండదు. నేను ఇది రాస్తున్నది ముఖ్యంగా అందుకే. మిగతా అపోహలు కూడా చెప్తాను కానీ, మీకు ఒక్కటే చదివే ఓపిక ఉంటే మొదటిది చదవండి.

అపోహ: మోకాళ్ళ లోతులో ఉంటే ఏం కాదు

ఆర్కే బీచ్ అవనివ్వండి, యారాడ అవనివ్వండి, భీమిలి అవనివ్వండి, పేపర్లో వచ్చే వార్త దాదాపు ఒకేలా ఉంటుంది. స్నేహితులంతా కలిసి స్నానానికి దిగారు, అల లాగేసింది, ఒకరి కోసం ఇంకొకరు వెళ్ళారు. పారాసెయిలింగ్ (బోటు తాడుతో లాగుతుంటే పారాచూట్‌లో ఎగరడం) చేస్తూనో, కయాక్‌లోనో పోయారన్న వార్త ఎంత అరుదో మీరే గమనించండి.

మన తీరం చాలా చోట్ల ఏటవాలు. మోకాలి లోతు నుంచి నాలుగడుగులు వేస్తే నడుము దాటుతుంది. అందరూ వచ్చే అలనే చూస్తారు. అసలు చూడాల్సింది వెనక్కి వెళ్ళే నీటిని. అది వెళ్తూ వెళ్తూ మన మడమల కింద ఇసుకను తవ్వుకుపోతుంది, పాదం కింద గుంట పడుతుంది. పిల్లలకి అదో గిలిగింత, కేరింతలు కొడతారు. సరిగ్గా అప్పుడే తర్వాతి అల తగిలితే కాలు నిలవదు. పడ్డ మనిషి లేచేలోపే తిరుగు నీరు ఇంకొంచెం లోపలికి ఈడుస్తుంది. తడిసిన జీన్స్, కాళ్ళకి చుట్టుకున్న చీర లేవనివ్వవు. ఇదంతా జరిగేటప్పుడు చాలామంది సముద్రానికి వీపు పెట్టి ఫోటో దిగుతూ ఉంటారు.

అలలన్నీ ఒకే ఎత్తున రావు. చాలాసేపు చిన్నవే వచ్చి, ఉన్నట్టుండి మూడు నాలుగు పెద్దవి వరసగా వస్తాయి. "ఇందాకటి నుంచి ఇక్కడే ఉన్నాం, బాగానే ఉంది" అంటే ఆ పెద్దవి ఇంకా రాలేదని మాత్రమే.

అపోహ: అలలు లేని చోటు చూసుకుని దిగితే మంచిది

ఇది మరీ ప్రమాదం, ఎందుకంటే జాగ్రత్తపరులే ఈ తప్పు చేస్తారు.

అలలు ఒడ్డుకి తెచ్చిన నీరు మళ్ళీ లోపలికి పోవాలి కదా. నీటి అడుగున ఇసుక మేటలు ఉంటాయి. ఆ మేటల మధ్య ఎక్కడ సందు దొరికితే అక్కడ నీరంతా ఒక కాలువలా సముద్రంలోకి పరుగెడుతుంది. దాన్నే రిప్ కరెంట్ అంటాం. ఆ సందులో లోతు ఎక్కువ కాబట్టి అల అక్కడ విరగదు. అటూ ఇటూ తెల్లటి నురుగు, మధ్యలో నున్నగా, కాస్త ముదురు రంగులో, ఎంతో ప్రశాంతంగా కనిపించే పట్టీ ఉంటుంది. చూసేవాళ్ళకి పిల్లల్ని దింపడానికి అదే మంచి చోటు అనిపిస్తుంది.

ఒకాయన ఇద్దరు పిల్లల్ని చెరో చేత్తో పట్టుకుని సరిగ్గా అలాంటి పట్టీలోకి దిగబోతుంటే విజిల్ వేశాను. ఆయనకి కోపం వచ్చింది. "అక్కడ అలలు పెద్దగా ఉన్నాయనే కదా ఇటు తెచ్చాను, నాకు తెలీదా?" అన్నారు. వాదించకుండా ఒడ్డున పడి ఉన్న ఖాళీ కొబ్బరి బొండం ఒకటి తీసి, ఆయన నిలబడ్డ చోటుకి కాస్త ముందు విసిరాను. అది ముందు అక్కడక్కడే ఊగింది. తర్వాత ఎవరో తాడు కట్టి లాగుతున్నట్టు తిన్నగా లోపలికి పోవడం మొదలుపెట్టింది. పక్కన నురుగంతా ఒడ్డుకి వస్తుంటే ఇది మాత్రం అలలు విరిగే వరస కూడా దాటి పోయింది. ఆయన మాట్లాడలేదు, పిల్లల చేతులు ఇంకా గట్టిగా పట్టుకున్నారు. మా బోటు కుర్రాడు తర్వాత ఆ బొండాన్ని ఏరుకొచ్చాడు.

బలమైన రిప్ వేగం సెకనుకు 2 మీటర్లు దాటుతుంది. 100 మీటర్ల ఈతలో ప్రపంచ రికార్డు వేగం కూడా సెకనుకు 2 మీటర్ల పైచిలుకే. కాబట్టి దానికి ఎదురీది ఒడ్డుకి రావాలనుకోవద్దు. ఈత బాగా వచ్చినవాళ్ళు కూడా అలసిపోయేది అక్కడే.

ఇంకో మాట, రిప్ మనిషిని కిందికి లాగదు. "సుడిగుండం ఉంది, మింగేస్తుంది" అని మన దగ్గర ఒక ప్రచారం. ఆ ప్రచారం వల్లే మనిషి కాళ్ళూ చేతులూ ఆడించి నిమిషంలో నీరసపడతాడు. నిజానికి అది దూరం మాత్రమే తీసుకెళ్తుంది, అలలు విరిగే వరస దాటాక బలం తగ్గి వదిలేస్తుంది. అందులో చిక్కితే వెల్లకిలా తేలండి, ఊపిరి సర్దుకోనివ్వండి, ఒక చెయ్యి పైకెత్తి అరవండి. ఈత వస్తే ఒడ్డు వైపు కాకుండా ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదండి. పక్కన తెల్లగా అలలు విరుగుతున్న చోటికి చేరితే ఆ అలలే ఒడ్డుకి తోస్తాయి.

ఒడ్డున ఉన్నవాళ్ళకి చెప్పేది ఇంకా కష్టం. మీ తమ్ముడు కొట్టుకుపోతుంటే దూకకుండా ఎలా ఉంటారు? అయినా ఉత్త చేతులతో దూకొద్దు. ఒకరు పోవాల్సిన చోట ముగ్గురు పోవడానికి ఇదే కారణం. చేతులు పట్టుకుని గొలుసులా వెళ్ళడం కూడా అంతే, ఒక చెయ్యి జారితే అందరూ కొట్టుకుపోతారు. తేలేది ఏదైనా విసరండి. మూత బిగించిన రెండు లీటర్ల ఖాళీ సీసా, బంతి, థర్మోకోల్ పెట్టె, ఏదైనా సరే. లైఫ్ గార్డ్‌ని పిలవండి, 112కి ఫోన్ చేయండి, ఆ మనిషి మీద నుంచి కళ్ళు తిప్పకండి. దగ్గర్లో తెప్ప వేసుకుని జాలరి ఉంటే అతన్ని మించిన సాయం లేదు.

అపోహ: అమావాస్య, పౌర్ణమి రోజులే ప్రమాదం

ఆ రోజుల్లో పోటు ఎక్కువన్నది నిజమే. కానీ రిప్‌ని పుట్టించేవి అలలు. అలలు తిథి చూసుకుని రావు. ఎండ కాస్తూ, ఇక్కడ గాలే లేని రోజున కూడా ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రంలో లేచిన తుఫాను అలలు కొన్ని రోజులు ప్రయాణం చేసి మన ఒడ్డుని కొడతాయి. ఆకాశం చూసి సముద్రాన్ని అంచనా వేయొద్దు. హైదరాబాద్‌లో ఉన్న ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) తీరాల వారీగా అలల ఎత్తు, హెచ్చరికలు రోజూ ఇస్తుంది. బోటు తియ్యాలా వద్దా అని తేల్చుకోవడానికి పొద్దున్నే మేం చూసేది అదే. మీరు కూడా చూడొచ్చు, ఉచితం. కార్తీక పౌర్ణమికి, మాఘ పౌర్ణమికి సముద్ర స్నానానికి వచ్చే పెద్దవాళ్ళకి నేను చెప్పేదొకటే: కూర్చుని మునగండి, లోపలికి వెళ్ళి నిలబడి కాదు.

అపోహ: మునిగినవాడి పొట్ట నొక్కి నీళ్ళు కక్కించాలి

భుజాన వేసుకుని పరిగెత్తడం, తలకిందులుగా ఎత్తడం, పొట్ట మీద కూర్చుని నొక్కడం, ఇవన్నీ కళ్ళారా చూశాను. చేసేవాళ్ళది మంచి మనసే. కానీ పొట్టలో నీళ్ళతో ప్రాణం పోదు, మెదడుకి ఆక్సిజన్ అందక పోతుంది. పొట్ట నొక్కితే లోపలున్నది కక్కి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి ముందు నోటితో శ్వాస ఇవ్వాలి. ఆ తర్వాత ఛాతీ మధ్యలో 30 సార్లు గట్టిగా నొక్కి మళ్ళీ 2 శ్వాసలు, ఇలా 108 వచ్చేదాకా ఆపకూడదు. ఇది చదివితే రాదు. మీ ఆఫీసులో సీపీఆర్ శిక్షణ పెడితే తప్పించుకోకండి.

నీళ్ళు మింగి తేరుకున్న పిల్లవాడు తర్వాత కూడా దగ్గుతున్నా, ఆయాసపడుతున్నా, మత్తుగా ఉన్నా వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్ళాలి. అలాగే "వారం తర్వాత నిద్రలో చనిపోతారు" అని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్ దయచేసి ఫార్వర్డ్ చేయకండి. ఇబ్బంది ఉంటే ఆ కొన్ని గంటల్లోనే బయటపడుతుంది. మర్నాడు చక్కగా ఆడుకుంటున్న పిల్లని చూసి రాత్రిళ్ళు నిద్ర మానుకున్న తల్లులు నాకు ఫోన్ చేశారు. అమ్మా, పాప బాగానే ఉంది, మీరు పడుకోండి.

ఇక మిగతావి, గబగబా.

లైఫ్ జాకెట్ వేసుకుంటే చాలు అనుకోవద్దు, అది సరిపోవాలి. వేసుకున్నాక రెండు భుజాల దగ్గర పట్టుకుని ఎవరినైనా పైకి లాగమనండి. చెవుల దాకా లేచిందంటే నీళ్ళలో ముఖం మీదకి వస్తుంది. బకిల్ విరిగి దారంతో కట్టిన జాకెట్ ఇస్తే తీసుకోవద్దు. పెద్దవాళ్ళ జాకెట్ పిల్లలకి బిగించి కడితే సరిపోదు, పిల్లలది పిల్లలకే ఉంటుంది. అడగడానికి మొహమాటపడకండి, డబ్బులిచ్చేది మీరు.

జెట్ స్కీ మీద భయం వేస్తే అందరూ యాక్సిలరేటర్ వదిలేసి హ్యాండిల్ తిప్పుతారు. అది తిరగదు. వెనక నుంచి నీటిని చిమ్మే వేగమే దాన్ని మలుపు తిప్పుతుంది. ఆ చిమ్మడం ఆగితే చాలా బళ్ళు తిన్నగానే పోతాయి. ఎదురుగా ఏదైనా ఉంటే కాస్త యాక్సిలరేటర్ ఇస్తూ తిప్పాలి. చేతికి తగిలించే చుట్టల తాడు ఫోటోలో బాగుండదని తీసేయకండి. మీరు పడితే ఇంజన్ ఆపేది అదే.

పారాసెయిలింగ్‌లో తాడు తెగుతుందేమో అని అడుగుతారు. మీరు అడగాల్సింది గాలి గురించి. గాలి ఎక్కువై నడిపేవాళ్ళు ఇవాళ వద్దంటే ఇంకో ఐదొందలు ఇస్తామని బేరం పెట్టకండి, ప్లీజ్.

బీరు తాగి నీళ్ళలోకి దిగొద్దు. దీని మీద నాకు వేరే మాట లేదు.

మన దగ్గర డైవింగ్‌లో సొరచేపలు కరుస్తాయా? భయపడాల్సిన అవసరం లేదు. జెల్లీఫిష్ కుట్టొచ్చు. కుడితే సముద్రపు నీళ్ళతోనే కడిగి, అంటుకున్న పోగుల్ని తీసేసి, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో పెట్టండి. ఇసుకతో రుద్దడం, మూత్రం పోయడం వద్దు.

స్కూబాకి ఈత రావాలా? మొదటిసారి సరదాగా చేసే డైవ్‌కి అక్కర్లేదు, మేం పట్టుకునే ఉంటాం. 12 మీటర్ల కంటే లోతుకి తీసుకెళ్ళం, పదేళ్ళ లోపు పిల్లల్ని తీసుకెళ్ళం. సర్టిఫికెట్ కోర్సుకి మాత్రం ఈత తప్పనిసరి. వీపున ఉండేది ఆక్సిజన్ సిలిండర్ కాదు, మనం ఇప్పుడు పీలుస్తున్న మామూలు గాలే, ఒత్తిడితో నింపింది. నీటి కింద ఊపిరి బిగబట్టకూడదు. 10 మీటర్ల లోతులో నిండా పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెట్టింపవుతుంది, బిగబడితే ఊపిరితిత్తులు చిరుగుతాయి. చెవుల నొప్పి అందరికీ మామూలే అని ఓర్చుకోవద్దు. ముక్కు పట్టుకుని మెల్లగా ఊదుతూ దిగాలి, తెరుచుకోకపోతే పైకి రావాలి. జలుబు ఉంటే ఆ రోజుకి మానేయండి. ఆస్తమా, గుండె జబ్బు, ఫిట్స్ ఉంటే ఫారంలో దాచకండి. దాచి దిగినవాళ్ళకి నీటి కింద నేను చేయగలిగింది తక్కువ.

చివరిగా, ఎవరూ చెప్పని విషయం. డైవ్ చేశాక ఒంట్లో కరిగిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోవాలి. అంతలో ఎత్తుకి వెళ్తే అది బుడగలై కీళ్ళనొప్పి నుంచి పక్షవాతం దాకా తేగలదు. అందుకే ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, అంతకంటే ఎక్కువైతే 18 గంటలు విమానం ఎక్కకూడదు. ఇది కొంతమందికి తెలుసు. తెలియనిది ఏంటంటే, ఈ లెక్క 600 మీటర్లు దాటిన ఏ ఎత్తుకైనా వర్తిస్తుంది. అరకు సుమారు 900 మీటర్లు, ఘాట్ రోడ్డు మధ్యలో ఇంకా ఎత్తు. పొద్దున రుషికొండలో స్కూబా, మధ్యాహ్నం కారులో అరకు అని ప్లాన్ వేసుకునేవాళ్ళు నాకు ప్రతి వారాంతం తగులుతారు. దాన్ని తిరగేయండి. శనివారం అరకు, ఆదివారం పొద్దున డైవ్, రాత్రి రైలు. హైదరాబాద్ ఎత్తు 540 మీటర్ల దగ్గరే, రైల్లో వెళ్ళడానికి ఇబ్బంది లేదు. ఆదివారం సాయంత్రం ఫ్లైట్ ముందే బుక్ అయిపోయి ఉంటే నాకు చెప్పండి, స్కూబా బదులు కయాక్ ఇస్తాను.