డబ్బులు తిరిగొస్తాయేమో గానీ డేటా రాదు: రీసెర్చ్ పేపర్ల మీద అపోహలు - వాస్తవాలు

పోయిన వారం రాత్రి పదిన్నరకు మా డిపార్ట్‌మెంట్‌లో అసిస్టెంట్ ప్రొఫెసర్ ఒకామె ఫోన్ చేసింది. "సార్, నా పేపర్ యాక్సెప్ట్ అయింది. రేపటిలోగ ఎనిమిది వేలు కట్టమంటున్నరు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 7.8 అంట. కట్టాల్నా?" ఎప్పుడు పంపినవమ్మా అంటే మొన్ననే అంది. రివ్యూయర్లు, అంటే అచ్చేసే ముందు పేపర్‌ను పరీక్షించే నిపుణులు, ఏమడిగారంటే, ఎవరూ ఏమీ అడగలేదంది.

నల్గొండలో కమ్యూనిటీ మెడిసిన్ చెప్పే నాకు ఇలాంటి ఫోన్లు నెలకు రెండు మూడు వస్తాయి. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్గొండ, సూర్యాపేటల్లో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిల్లో 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. వాటిల్లో చేరిన కుర్ర టీచర్లకు ప్రమోషన్ కోసం పేపర్లు కావాలి. పగలంతా ఓపీ, క్లాసులు, రాత్రి ఈ టెన్షన్. తప్పు వాళ్లది కాదు. డబ్బు కడితే చాలు, పరీక్షించకుండానే పేపర్ వేస్తామంటూ ఆ భయం మీద దుకాణం పెట్టిన జర్నళ్లది.

అపోహ: "ఐఎస్ఎస్ఎన్ నంబర్ ఉంది, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఉంది, పేరులో ఇంటర్నేషనల్ ఉంది. డబ్బు పోయినా పేపర్ ప్రమోషన్ లెక్కలోకి వస్తుంది."

రాదు. ఐఎస్ఎస్ఎన్ అనేది పత్రికకు ఇచ్చే గుర్తింపు నంబర్, అంతే. నాణ్యతతో దానికి సంబంధం లేదు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను ఏటా లెక్కగట్టేది క్లారివేట్ సంస్థ. గత రెండేళ్లలో ఆ జర్నల్ వేసిన పేపర్లకు ఈ ఏడాది వచ్చిన సైటేషన్లను, అంటే వేరే పేపర్లు వాటిని ఉదహరించిన సార్లను, ఆ పేపర్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేది అది. ముందు "గ్లోబల్" అనో "యూనివర్సల్" అనో తగిలించి ఇచ్చే అంకెలకు విలువ లేదు. జర్నళ్లను జాబితా చేసే ఇండెక్స్ కోపర్నికస్ సంగతి పాతవాళ్లకు గుర్తుండాలి. ప్రమోషన్‌కు ఏ ఇండెక్సుల్లోని జర్నళ్లు చెల్లుతాయో 2015లో ఎంసీఐ (భారత వైద్య మండలి) చెప్పిన జాబితాలో అది ఉంది, 2020 నిబంధనల్లో లేదు. అందుకే జర్నల్ వాళ్లు పంపిన వాట్సాప్ మెసేజ్ నమ్మొద్దు. స్కోపస్ అనే పరిశోధన పత్రికల డేటాబేస్ సోర్స్ లిస్టులో మీరే వెతకండి, "డిస్కంటిన్యూడ్" (ఇక చేర్చడం ఆపేశారు) అని ఉందేమో చూడండి. మంచి జర్నల్ పేరుతో నకిలీ సైట్లు పెట్టేవాళ్లూ ఉన్నారు కాబట్టి వెబ్‌సైట్ చిరునామా కూడా సరిపోల్చుకోండి.

డబ్బు పోవడం చిన్న నష్టం. అసలు నష్టం నాకు జరిగింది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. చాలా ఏళ్ల కింద మర్రిగూడ మండలంలో ఊరూరూ తిరిగి, నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ కోసం బడిపిల్లల పళ్లు చూసి, పళ్ల మీద దాని తీవ్రతను కొలిచే డీన్ ఇండెక్స్‌తో స్కోర్లు రాసుకున్నాను. ప్రతి ఊరి బోరు నీళ్లు సీసాల్లో పట్టి ల్యాబ్‌కు మోశాను. తొందరపడి ఆ పేపర్‌ను డబ్బు కట్టించుకున్న ఒక జర్నల్‌కు ఇచ్చాను. తర్వాత తెలిసి మంచి జర్నల్‌కు పంపితే, ఒకసారి అచ్చయినదాన్ని మళ్లీ వేయడం కుదరదని ఎడిటర్ తిప్పి పంపారు. మొదటి జర్నల్ సైట్ ఇప్పుడు తెరుచుకోదు. ఆ పిల్లల వివరాలు ఏ ఫ్లోరోసిస్ పరిశోధకుడికీ దొరకవు. నోళ్లు తెరిచి చూపించిన ఆ పిల్లలకు నేను బాకీ పడ్డాను.

ఇంకో భయం: "నా పేపర్‌కు సైటేషన్లు లేవు, ఇక దండగ." సిద్దిఖీ అనే పరిశోధకుడు 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో నల్గొండ జిల్లా ఫ్లోరోసిస్ మీద పేపర్ రాశారు. ఫ్లోరైడ్ మీద పనిచేసేవాళ్లు దాన్ని దశాబ్దాల తర్వాత కూడా ఉదహరించారు. రెండేళ్ల లెక్క చూసే ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌కు అలాంటి సైటేషన్ ఒక్కటీ కనపడదు. మన జిల్లా సమస్య మీద రాసిన పేపర్ నెమ్మదిగానే పాకుతుంది. కంగారు పడకండి.

మిగతావి క్లుప్తంగా. సైటేషన్లు ఎక్కువుంటే నిజమని కాదు. ఎంఎంఆర్ టీకాకూ ఆటిజంకూ ముడిపెట్టిన 1998 లాన్సెట్ పేపర్‌ను 2010లో ఉపసంహరించారు, దానికీ బోలెడు సైటేషన్లున్నాయి. పరిశోధకుడి పేపర్లను, సైటేషన్లను కలిపి కొలిచే హెచ్-ఇండెక్స్ 10 అంటే కనీసం 10 సైటేషన్ల చొప్పున 10 పేపర్లున్నాయని. గూగుల్ స్కాలర్‌లో స్కోపస్ కంటే ఎక్కువ సైటేషన్లు కనిపిస్తే అది మోసం కాదు, స్కాలర్ థీసిస్‌లనూ లెక్కేస్తుంది. ఫీజు తీసుకునే ప్రతి జర్నల్ దొంగది కాదు, అందరూ ఉచితంగా చదవగలిగే జర్నళ్ల జాబితా డీఓఏజేలో చూసుకోండి.

ఆ ఫోన్ చేసిన అమ్మాయి అదృష్టం, కాపీరైట్ ఫారం మీద ఇంకా సంతకం పెట్టలేదు. పేపర్ వెనక్కి తీసుకుంటున్నానని ఆ రాత్రే మెయిల్ పెట్టించాను. విత్‌డ్రా ఫీజు కట్టమని జవాబొచ్చింది, కట్టొద్దన్నాను. పేపర్ ఎక్కడా వేయలేదని వాళ్లతో రాయించుకునే పనిలో ఉన్నాం. ఈ శనివారం ఓపీ అయ్యాక ఇద్దరం కూర్చుని ఆమె ఎక్సెల్ షీట్ మొదటి వరుస నుంచి మళ్లీ చూస్తాం.