కంపెనీ డబ్బు మూలధనంలో పడదు: సరిహద్దు జిల్లాల ఉమ్మడి నిధి గొడవ వెనుక కథ

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం. ఒడిశా సరిహద్దులోని ఈ ఊళ్లలో తెలుగువాళ్లు నలుగురు కూర్చుని సేవా కార్యక్రమాల గురించి మాట్లాడుకుంటే మాట చివరికి ఒకచోటికే వస్తుంది. మన ప్రాంతానికంటూ ఒక ఉమ్మడి నిధి పెడదాం అంటారు. అంతవరకూ అందరిదీ ఒకే మాట. మూలధనం, అంటే ముట్టుకోకుండా బ్యాంకులో ఉంచి వడ్డీ మాత్రమే వాడుకునే డబ్బు, ఎవరు వేయాలి అన్న దగ్గర రెండు వర్గాలవుతారు. తుఫానుల సీజను దగ్గర పడేసరికి ఆ పాత గొడవే మళ్లీ రాజుకుంది.

మొదటి వర్గం వాదన వినడానికి బాగుంటుంది. కాశీపురం వైపు ఉత్కళ్ అల్యూమినా ఉంది, జేకేపురంలో కాగితం మిల్లు ఉంది, తెరుబలిలో ఫెర్రో అల్లాయ్ ఫ్యాక్టరీ ఉంది, పక్క జిల్లా దామన్‌జోడిలో నాల్కో ఉంది. కొండ మనది, నీళ్లు మనవి, లారీల దుమ్మూ మనకే. అలాంటప్పుడు మన జేబులు తడుముకోవడం ఎందుకు? కంపెనీలు లాభంలోంచి సామాజిక పనులకు పెట్టాల్సిన డబ్బును, అంటే సీఎస్ఆర్‌ను, ఒక్క ఏడాది వాటా తెచ్చి బ్యాంకులో వేస్తే వడ్డీతోనే సంఘాలన్నీ నడిచిపోతాయి అంటారు వీళ్లు. రెండో వర్గంలో చిన్న వ్యాపారులు, రిటైరైన టీచర్లు, మహిళా సంఘాలు నడిపేవాళ్లు ఎక్కువ. కొద్దికొద్దిగా మనమే వేసుకుందాం అన్నది వీళ్ల మాట.

1936లో ఒడిశా ఏర్పడటం, పర్లాకిమిడి రాజావారి పాత్ర, గంజాం పంపకాలు, 1992 నాటి జిల్లాల విభజన... అవన్నీ అందరూ విన్న కథలే. ఈ తగువు అర్థం కావడానికి అంత వెనక్కి వెళ్లనక్కర్లేదు. 2021 జనవరి 22 దగ్గర మొదలుపెడితే చాలు.

ఆ రోజు కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ సీఎస్ఆర్ నియమాలను సవరించింది. అంతకుముందు పరిస్థితి వేరు. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. నికర విలువ 500 కోట్లు, టర్నోవరు 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏ ఒక్క గీత దాటిన కంపెనీ అయినా గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. తాను పనిచేసే చోటికి, దాని చుట్టుపక్కలకు ప్రాధాన్యం ఇవ్వాలి అని కూడా చట్టంలోనే ఉంది. అదే ఏడాది జూన్ 18న వచ్చిన ఒక సర్క్యులరు, ట్రస్టుల మూలధనానికి ఇచ్చిన డబ్బును కూడా కొన్ని షరతుల మీద సీఎస్ఆర్ కింద లెక్కగట్టవచ్చు అంది. మొదటి వర్గం ఇప్పటికీ ఆ సర్క్యులరు పట్టుకునే మాట్లాడుతోంది. దాని మీద నీళ్లు పోసి ఏళ్లు గడిచాయి. సవరణ తర్వాత, 2021 ఆగస్టులో ఇచ్చిన వివరణలో ఆ శాఖ కుండ బద్దలు కొట్టినట్టు చెప్పింది: జనవరి 22 నుంచి ఏ సంస్థ మూలధనానికి ఇచ్చినా అది సీఎస్ఆర్ ఖర్చు కిందికి రాదు.

దీన్ని కంపెనీలకు చేసిన మేలు అనుకోనక్కర్లేదు. ఆ సవరణల ఉద్దేశమే డబ్బు ఖర్చవ్వాలన్నది. ఏడాదిలో ఖర్చు కాకపోతే, నడుస్తున్న ప్రాజెక్టుదైతే ప్రత్యేక ఖాతాలో వేసి మూడేళ్లలో ఖర్చు పెట్టాలి. లేదంటే చట్టం చెప్పిన ప్రభుత్వ నిధికి కట్టేయాలి. మూలధనం అంటేనే అసలు ముట్టుకోకుండా ఉంచే డబ్బు. ఆ రెంటికీ పొత్తు కుదరదు. కంపెనీ వచ్చి స్కూలుకు బెంచీలు ఇవ్వొచ్చు, అంబులెన్సు కొనివ్వొచ్చు, కుట్టు శిక్షణ పెట్టించొచ్చు. మన నిధికి పునాది మాత్రం సీఎస్ఆర్ కింద వేయడం కుదరదు. వేస్తే అది సీఎస్ఆర్ కాదు, మామూలు విరాళం. అలా ఇవ్వమని అడగడంలో తప్పు లేదు. హక్కుగా మాత్రం అడగలేం.

అసలు ఇలాంటి నిధులు ఎలా నడుస్తాయన్నది ఒక్క ముక్కలో చెప్పుకుందాం. 1914లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఫ్రెడరిక్ గాఫ్ అనే బ్యాంకరు మొదలుపెట్టిన పద్ధతి ఇది. మన దేశంలో ముంబైలో 1991లో ఇదే దారిలో ఒక ట్రస్టు వచ్చింది. ఒక ప్రాంతంలోని చాలామంది దాతల డబ్బు ఒకే గొడుగు కిందికి వస్తుంది. ఎవరి నిధి వాళ్ల పేరు మీదే ఉంటుంది, తాతగారి పేరు మీద స్కాలర్‌షిప్పు, అమ్మ పేరు మీద కంటి వైద్యం అన్నట్టు. అసలు అలాగే ఉంటుంది, వడ్డీ నుంచి స్థానిక సంఘాలకు గ్రాంట్లు వెళ్తాయి. ఊరి పరిస్థితి తెలిసిన ఒక కమిటీ ఏది ముందు, ఏది వెనక అని చూస్తుంది. కోటి రూపాయలు పోగై, వడ్డీ 7 శాతం వచ్చిందనుకుంటే ఏడాదికి చేతికొచ్చేది 7 లక్షలు. పెద్ద మొత్తమేం కాదు. కానీ ఒక చిన్న సంఘానికి ఆడిటరు ఫీజు, గది అద్దె, ఒక కార్యకర్త జీతం, వీటికి డబ్బిచ్చే దాత ఎక్కడా దొరకడు. శిలాఫలకం వేయడానికి వీల్లేని ఖర్చులు అవి. ఇలాంటి నిధుల అసలు ఉపయోగం అక్కడే.

2021 జనవరికి నాలుగు నెలల ముందు ఇంకో తలుపు మూసుకుంది. 2020 సెప్టెంబరులో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించి, ఒక సంస్థకు వచ్చిన విదేశీ డబ్బును ఇంకో సంస్థకు ఇవ్వకూడదన్నారు. ఆ డబ్బులో పరిపాలన ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20కి దించారు. అప్పటిదాకా ఢిల్లీలోనో భువనేశ్వర్‌లోనో ఉన్న పెద్ద సంస్థ విదేశీ నిధి తెచ్చుకుని, అందులో కొంత కొండల్లో పనిచేసే రిజిస్టరైన చిన్న సంస్థకు ఇచ్చేది. ఆ దారి తెగిపోయింది. దానికి తోడు 2023 బడ్జెట్లో వచ్చిన మార్పుతో, ఒక ట్రస్టు ఇంకో ట్రస్టుకు 100 రూపాయలు ఇస్తే పన్ను లెక్కల్లో 85 మాత్రమే ఖర్చుగా పరిగణిస్తారు. ఇది స్వదేశీ డబ్బుకూ వర్తిస్తుంది. అంటే సంఘాలకు గ్రాంటు ఇవ్వడమే పనిగా పెట్టుకున్న నిధికి నేరుగా తగిలే దెబ్బ. గ్రాంటుకు బదులు టీచరు జీతమో టార్పాలిన్ల బిల్లో నిధి తానే కట్టేస్తే ఈ బాధ ఉండదని లెక్కలు చూసేవాళ్లు చెబుతారు.

అమెరికాలో ఉన్న మనవాళ్లు ఇస్తారుగా అన్న మాట మీటింగుల్లో తప్పకుండా వస్తుంది. ఇస్తారు. కానీ ఒకే ఇంటి అన్నదమ్ములను తీసుకోండి. తమ్ముడి దగ్గర ఇంకా భారత పాస్‌పోర్టే ఉంది, బ్యాంకు ద్వారా పంపితే అతని డబ్బు మామూలు విరాళమే. అన్న అమెరికా పౌరసత్వం తీసుకున్నాడు. విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అతని డబ్బు విదేశీ విరాళం. ఆ చట్టం కింద రిజిస్ట్రేషను లేని సంస్థ దాన్ని ముట్టుకోకూడదు. ఇద్దరూ పంపేది ఒకే అమ్మ పేరు మీద నిధికైనా అంతే.

గుప్త దానం సంగతీ ఇలాంటిదే. పేరు చెప్పుకోకుండా ఇవ్వడం మన దగ్గర పెద్ద పుణ్యం. పూర్తిగా మతపరమైన ట్రస్టు హుండీకి ఆ పట్టింపు లేదు. సేవా ట్రస్టుకు మాత్రం పేరు, చిరునామా లేని విరాళాలు మొత్తం విరాళాల్లో 5 శాతం, లక్ష రూపాయలు, ఈ రెండింట్లో ఏది ఎక్కువైతే అది దాటిన మేరకు 30 శాతం పన్ను పడుతుంది. 2021 తర్వాత దాతల జాబితా కూడా ఏటా 10బీడీ ఫారంలో పన్ను శాఖకు ఇవ్వాల్సి వచ్చింది, ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల ఫీజు. కార్బన్ పేపరు పెట్టి రాసిన రసీదు పుస్తకం చూపించి, దాతకు పన్ను తగ్గించే 80జి మినహాయింపు అడిగే రోజులు అక్కడితో సరి.

ఇన్ని తలుపులు మూసుకున్నాక మిగిలింది ఒక్కటే, పేరు రాసి, రసీదు తీసుకుని, స్థానికులు తమ జేబులోంచి వేసే డబ్బు. రెండో వర్గం చెప్పేది ఇదే. దీన్ని వాళ్లు కొత్తగా కనిపెట్టలేదు. బరంపురం పక్కన మోహుదా కేంద్రంగా పనిచేసే గ్రామ్ వికాస్ అనే స్వచ్ఛంద సంస్థ పల్లెల్లో ఇది ఎప్పటి నుంచో నడిచింది.

1971 తుఫాను తర్వాత సహాయం కోసం ఒడిశాకు వచ్చిన విద్యార్థుల్లో జో మడియత్ ఒకరు. ఆయన ఇక్కడే ఉండిపోయి 1979లో గ్రామ్ వికాస్‌ను మొదలుపెట్టారు. 80ల్లో ఆ సంస్థ పేరు బయోగ్యాస్‌తో ముడిపడింది, 50 వేలకు పైగా ప్లాంట్లు కట్టారు. ఈ కథకు కావాల్సింది 90ల్లో మొదలైన నీళ్లు, మరుగుదొడ్ల కార్యక్రమం. దాని షరతు కఠినంగా ఉండేది. ఊళ్లో ప్రతి కుటుంబమూ చేరాలి. ఒక్క ఇల్లు రానన్నా పని మొదలవదు. ప్రతి ఇంటికీ ఒక మరుగుదొడ్డి, ఒక స్నానాల గది, మూడు కుళాయిలు: మరుగుదొడ్లో ఒకటి, స్నానాల గదిలో ఒకటి, వంటింట్లో ఒకటి. పెద్ద కులం వీధికైనా, దళితవాడకైనా అదే ట్యాంకు, అవే నీళ్లు.

ఇంకో షరతు మూలధనం. కుటుంబానికి సగటున 1,000 రూపాయలు. ఉన్నవాళ్లు ఎక్కువ, లేనివాళ్లు తక్కువ, మొత్తం మీద ఆ సగటు రావాలి. ఆ రోజుల్లో కూలి మీద బతికే ఇంటికి వెయ్యి అంటే మాటలు కాదు. అందుకే ఊరంతా ఒక మాట మీదికి రావడానికి చాలా చోట్ల నెలలు పట్టేది. ఎవరికి ఎంత అన్నది ఊరివాళ్లే కూర్చుని తేల్చుకోవాలి. పోగైన డబ్బు ఊరి పేరున డిపాజిట్ చేసేవాళ్లు. అసలు తీయరు. వడ్డీ దేనికంటే, రేపు ఒక కొడుకు వేరు పడి కొత్త ఇల్లు కట్టుకుంటే ఆ ఇంటికీ అదే మరుగుదొడ్డి, అవే కుళాయిలు వచ్చేందుకు. ఊరు పెరిగినా వందకు వంద అలాగే ఉండాలన్న లెక్క.

ఉమ్మడి నిధికి ఇంతకంటే మంచి పాఠం ఈ జిల్లాల్లో ఇంకోటి కనపడదు. కాసులు తక్కువ, కట్టుబాటు ఎక్కువ. వెయ్యి వేసిన ఇల్లు ట్యాంకు పాడైతే ఊరుకోదు. పైనుంచి ఊడిపడిన డబ్బైతే ఎవరూ అడగరు. ఖనిజ నిధి చూడండి. 2015 చట్ట సవరణతో వచ్చిన జిల్లా ఖనిజ ఫౌండేషన్ కోరాపుట్, రాయగడల్లోనూ ఉంది. గని కంపెనీ కట్టే రాయల్టీ మీద, పాత లీజులైతే 30 శాతం, వేలంలో వచ్చినవైతే 10 శాతం అదనంగా అందులో పడుతుంది. పేరులో ఫౌండేషన్ ఉంది కానీ నడిపేది కలెక్టరు యంత్రాంగం. అందులో ఎంత ఉందో, ఎక్కడ ఖర్చయిందో మన వీధిలో పది మందిని అడిగి చూడండి.

మనవాళ్లకు ఇచ్చే గుణం లేదనడానికీ లేదు. బరంపురంలో రెండేళ్లకోసారి బుఢీ ఠాకురాణి యాత్ర వస్తే తెలుగు మూలాలున్న దేరా నేతవాళ్ల వీధిలో, అమ్మవారు పుట్టింటికి వచ్చినట్టు, తాత్కాలిక గుడి లేస్తుంది. ముందు నడిపేది ఆ కులపెద్ద దేశీబెహరా. నెల రోజుల సంబరానికి చందా ఇవ్వని ఇల్లు ఉండదు. గంజాం నుంచి సూరత్ మగ్గాలకు వెళ్లినవాళ్లు కూడా సొంతూరి గుడికి డబ్బు పంపుతారు.

విపత్తు వచ్చిన వారంలోనూ అంతే. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. ఎక్కువ ప్రాణాలు పోయింది మాత్రం ఒడిశా వైపు గజపతి జిల్లా కొండల్లో. బరఘరలో కొండచరియ విరిగిపడి, వానకు తలదాచుకున్నవాళ్లు అక్కడికక్కడే పోయారు. అలాంటప్పుడు లారీలు కదులుతాయి, బియ్యం, దుప్పట్లు, పులిహోర పొట్లాలు. రోడ్డు పక్క ఊళ్లకు మూడేసిసార్లు అందుతాయి, లారీ ఎక్కలేని కొండ ఊరికి ఒక్కసారీ అందవు. ఆరు నెలలు గడిచాక, పడిపోయిన జీడి తోట మళ్లీ వేయడానికి మొక్కలు కావాలంటే అడగడానికి మనిషి దొరకడు. ఆ ఆరో నెల కోసమే ఉమ్మడి నిధి. మొదటి వారానికి మన చందాలే చాలు.

మొదటి వర్గం మాటలోనూ పస ఉంది. నష్టం చేసినవాళ్లే కట్టాలన్నది న్యాయమే. పేదవాడి దగ్గర వందలు వసూలు చేసి కంపెనీని వదిలేయడం ఏం పద్ధతి అంటారు. కాదనలేం. కానీ వాళ్లు అడుగుతున్నది 2021 తర్వాత సీఎస్ఆర్ పద్దులో ఇవ్వడం కుదరనిది. కుదిరే దాన్ని, అంటే ఏటా నడిచే పనికి ప్రాజెక్టు డబ్బును, అడగాలంటే ముందు అడిగే సంస్థ ఒకటి ఉండాలి. అదే సవరణ ఇంకో మెలిక పెట్టింది. కంపెనీ తన సీఎస్ఆర్ పనిని బయటి సంస్థకు అప్పగించాలంటే ఆ సంస్థకు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జి రిజిస్ట్రేషన్లు, కంపెనీ వ్యవహారాల శాఖ ఇచ్చే సీఎస్ఆర్-1 నంబరు, కనీసం మూడేళ్ల పని చరిత్ర ఉండాలి. మూలధనం ఎవరిది అన్న తగువు తేలక ట్రస్టు డీడే రాయకుండా కూర్చుంటే ఆ మూడేళ్లు మొదలే కావు. డీడు రాసుకుని, "ఇది మూలధనానికే" అని దాతతో రాయించుకుని డిపాజిట్ చేసిన మొదటి వంద రూపాయలతోనైనా రిజిస్ట్రేషన్లకు దరఖాస్తు పెట్టి, పని మొదలుపెట్టవచ్చు. కంపెనీ గేటు దగ్గరికి వెళ్లేది ఆ తర్వాతే.