బావిలో తాడు, ఇంజన్లో పుల్ల

ప్రియమైన పిల్లలకు,

సెలవుల్లో కారులో దూరప్రయాణం పెట్టుకున్నారని తెలిసింది. మీలో చిన్నది ఫోనులో అడిగిన ప్రశ్న అప్పటి నుంచీ నా బుర్రలో తిరుగుతోంది: “తాతయ్యా, పెట్రోలు కాలిపోతుంది కాబట్టి అయిపోతుంది. ఇంజన్ ఆయిల్ కాలదు కదా, మరి అదెందుకు తగ్గుతుంది? నాన్న ప్రతిసారీ దాన్నెందుకు చూస్తారు?” ఇందులో ఒక్క మాట సరిచేయాలి. ఆయిల్ కూడా కాస్త కాలుతుంది. ఎలాగో చెబుతాను గానీ, ముందు బావి దాకా వెళ్లి వద్దాం.

నా చిన్నప్పుడు ఎండలు ముదిరాయంటే బావిలో నీళ్లెన్ని మిగిలాయో చూసే పని పిల్లలది. తాడు చివర రాయి కట్టి వదిలేవాళ్లం. రాయి అడుగు తాకగానే తాడు బిగువు సడలి చేతికి తెలిసిపోయేది. పైకి లాగి, తడి ఎంతమేర ఉందో మూరలతో కొలిచేవాళ్లం. చూడటానికి సులువే, కానీ రెండు మెలికలున్నాయి. తాడు పొడిగా ఉండాలి. ముందే తడిసిన తాడు అబద్ధం చెబుతుంది. తెల్లవారుజామున, ఎవరూ తోడకముందే చూడాలి. అందరూ తోడుకునే వేళ చూస్తే నీళ్లు బిందెల్లోనూ కాలువల్లోనూ ఉండి, బావి వెలితిగా కనబడుతుంది. ఇంట్లో ఒక పెద్దాయన “తాడు ఆరిందా?” అని అడిగి గానీ మా లెక్క వినేవారు కాదు. మేము ఆయన్ని చాదస్తుడనుకునేవాళ్లం. ఇప్పుడు ఆ చాదస్తమే నాకూ పట్టుకుంది.

ఇంజను అడుగున సంప్ అనే తొట్టి ఉంటుంది. అదే మన బావి. చాలా కార్లలో అందులో 3 నుంచి 5 లీటర్ల ఆయిల్ పడుతుంది. పంపు అనే చేద దాన్ని తోడి పైకి పంపితే, సన్నని కాలువల గుండా తిరిగే భాగాలన్నిటినీ తడిపి, మళ్లీ కిందికి జారి తొట్టిలో చేరుతుంది. బండి నడిచినంతసేపూ ఇదే తంతు.

అంత హడావుడి దేనికంటారా? ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే సిలిండర్ అనే గొట్టంలో ఆడే లోహపు దిమ్మ, అంటే ఒక్కో పిస్టన్, సెకనుకు 50 సార్లు పైకి వెళ్లి కిందికి వస్తుంది. లోహం లోహాన్ని అంత జోరుగా రాసుకుంటే కాసేపటికే వేడెక్కి అతుక్కుపోవాలి. అతుక్కోనివ్వకుండా మధ్యలో నిలబడేది ఆయిల్ పొర. దాని మందం తల వెంట్రుకలో ఎన్నో వంతు! అంత పలచటి పొర మీద మీరూ, మీ సామానూ, కారూ కలిసి కొండలెక్కి దిగుతున్నారు. ఎన్ని బండ్లు చూసినా ఈ సంగతి నాకు పాతబడలేదు.

సరే, తాడు దించుదాం. కారును చదునైన చోట నిలిపి, ఇంజను కట్టేసి, ఓ పది నిమిషాలు ఆగాలి. పైకెక్కిన ఆయిల్ బావిలోకి దిగాలి కదా! పెద్దవాళ్లు బానెట్ ఎత్తాక చూస్తే, రంగు పిడి ఉన్న సన్నని పుల్ల ఒకటి కనబడుతుంది. అదే డిప్‌స్టిక్. మొదటిసారి లాగినప్పుడు దాన్ని నమ్మకండి. అది తడిసిన తాడు. పోగులు రాలని గుడ్డతో తుడిచి, చివరిదాకా దించి, మళ్లీ తీసి చూడాలి. కొసన రెండు గుర్తులుంటాయి. తడి ఆ రెంటి మధ్య ఉంటే సరే. చాలా కార్లలో కింది గుర్తు నుంచి పై గుర్తుకు ఇంచుమించు ఒక లీటరు తేడా. కాబట్టి పోయాల్సి వస్తే డబ్బా గుమ్మరించకూడదు. కొంచెం పోసి, కాసేపు ఆగి, మళ్లీ పుల్ల దించి చూసుకోవాలి. కొన్ని ఇంజన్లకు వేడి మీదే చూడాలి. కొన్ని కొత్త కార్లలో అసలు పుల్లే ఉండదు, తెర మీద చూసుకోవాలి. కారుతో వచ్చిన పుస్తకం ఒకటి, తాతయ్య ఒకటి చెబితే పుస్తకం మాటే వినండి.

నా బావికీ ఈ బావికీ రెండు చోట్ల పొసగదు. దీనికి ఊట లేదు. తగ్గింది తగ్గినట్టే, మనం పోస్తేనే నిండుతుంది. పైగా నిండు బావిని చూస్తే ఎవరికైనా సంతోషమే గానీ, ఇక్కడ పై గుర్తు దాటితే ముప్పు. పిస్టన్ల ఊపుతో తిరిగే క్రాంక్‌షాఫ్ట్ అనే ఇరుసు ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది. నురగ పట్టిన ఆయిల్‌కు బరువు మోసే సత్తువ ఉండదు.

డాష్‌బోర్డు మీద నూనె డబ్బా బొమ్మతో వెలిగే ఎర్రదీపం సంగతి కూడా వినండి. “దీపం ఉంది కదా, వెలిగినప్పుడు చూద్దాంలే” అంటారు కొందరు. అది వెలిగేది నీళ్లు తగ్గడం మొదలైనప్పుడు కాదు, చేద ఖాళీగా పైకి వచ్చినప్పుడు. అంటే ఆయిల్ ఒత్తిడి పడిపోయింది, పొర తెగిపోతోంది. దారిలో అది వెలిగిందంటే ‘వచ్చే ఊరిదాకా’ అనే మాటే లేదు. బండిని పక్కకు తీసి వెంటనే ఇంజను ఆపాల్సిందే. పరీక్ష రేపనగా పుస్తకం తెరిచేవాళ్లకు ఈ దీపం సంగతి త్వరగా అర్థమవుతుందనుకుంటాను. పేర్లు చెప్పనులే.

ఇక చిన్నదాని ప్రశ్న. పిస్టన్ కదలాలంటే సిలిండర్ గోడ తడిగా ఉండాలి. పిస్టన్ చుట్టూ ఉన్న రింగులు ఆ తడిని కిందికి గీకేస్తాయి, కానీ పూర్తిగా తుడవవు. మిగిలిన ఆ కాస్త తడీ మంటలో కాలి పొగగొట్టంలోంచి వెళ్లిపోతుంది. రింగులు అరిగితే ఇంకా ఎక్కువ కాలుతుంది. పొగ నీలంగా కనబడుతుంది. అందుకే నాన్న చూస్తారు.

రంగు కూడా చూడండి. డీజిల్ బండిలో ఆయిల్ పోసిన కొద్ది రోజులకే నల్లబడుతుంది. అది మసిని పట్టుకోవడం, దాని పని అది చేస్తోందని అర్థం. పాలు కలిపినట్టు తెల్లబారితే మాత్రం నీళ్లో, ఇంజన్ను చల్లబరిచే కూలెంటో లోపలికి చేరిందని అనుమానించాలి. లోహపు తళుకులు మెరిస్తే ఏదో భాగం అరుగుతోంది. ఆ రెండింట్లో ఏది కనబడినా ప్రయాణం ఆపి మెకానిక్‌కు చూపించాలి.

పెట్రోలు సంగతికొస్తే, బంకులు పుట్టకముందే అందులో నలక పుట్టింది. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఆవిడ తన ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని, భర్త కార్ల్ బెంజ్ తయారుచేసిన మూడు చక్రాల కారులో, ఆయనకు చెప్పకుండానే మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు బయలుదేరింది. వంద కిలోమీటర్ల పైచిలుకు దారి. పెద్దవాడికి 15 ఏళ్లు, చిన్నవాడికి 13. దారిలో ఇంధనం తగ్గితే వీస్లోహ్ అనే ఊళ్లో మందుల దుకాణంలో మరకలు పోగొట్టే లిగ్రోయిన్ అనే పెట్రోలు లాంటి ద్రవం కొని పోసుకున్నారు. గొట్టంలో ఏదో అడ్డుపడితే ఆవిడ టోపీకి పెట్టుకున్న పిన్నుతో పొడిచి శుభ్రం చేసింది! ఇప్పుడు ఫిల్టర్లున్నాయి కాబట్టి పిన్ను అక్కర్లేదు, కళ్లు చాలు.

లీటరు నీళ్లు కిలో తూగితే, లీటరు పెట్రోలు ముప్పావు కిలోకు అటూ ఇటూ. అందుకే ట్యాంకులో నీళ్లు చేరితే అడుగునే కూర్చుంటాయి. బంకులో ట్యాంకరు నుంచి ఇంధనం దింపుతున్నప్పుడు అడుగు మడ్డి కదిలే అవకాశం ఉంది. వేరే బంకుకు వెళ్లడమో, కాసేపు ఆగడమో మేలు. కల్తీ అనుమానం వస్తే పెద్దవాళ్లు వడపోత కాగితం మీద ఒక్క చుక్క పెట్రోలు వేసి చూస్తారు. మంచిదైతే రెండు మూడు నిమిషాల్లో మరక లేకుండా ఎగిరిపోతుంది. కిరోసిన్ లాంటిది కలిస్తే మరక మిగులుతుంది. డీజిల్ కారులో పొరపాటున పెట్రోలు పోస్తే మాత్రం ఇంజన్ను అసలు స్టార్టు చేయకూడదు. డీజిల్ పంపుకు డీజిలే చమురు. పెట్రోలు కలిస్తే ఆ జిడ్డు పోయి పంపు అరిగిపోతుంది.

చాలా చెప్పేశాను. ఇప్పుడు మీకో పని. బయలుదేరే ముందు నాన్నను అడిగి, డిప్‌స్టిక్ కొస నుంచి ఒక చుక్క ఆయిల్ తెల్లని అద్దుడు కాగితం మీద పడనివ్వండి. ఒక రోజంతా కదిలించకండి. మధ్యలో మసి నిలుస్తుంది, చుట్టూ పలచని వలయం పాకుతుంది. పక్కన తేదీ, కారు తిరిగిన కిలోమీటర్లు రాయండి. ఆయిల్ మార్చిన రోజున ఇంకో చుక్క వేయండి. రెండు కాగితాలూ నాకు పంపండి, వలయాల్లో తేడా ఏమిటో మీరు ఏమనుకుంటున్నారో కూడా రాసి. పెట్రోలు చుక్క జోలికి మాత్రం పోవద్దు, అది పెద్దవాళ్ల పని. కవరు ముట్టుకునే ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. కిందటిసారి మీ ఉత్తరం మీద వేలిముద్రలే ఎక్కువ, అక్షరాలు తక్కువ.

ఆశీస్సులతో,
మీ తాతయ్య