సూపర్‌చార్జర్ ఇంజను: బోరింగ్‌కు ముందే కుదరాల్సిన కొలతలు

సూపర్‌చార్జర్ (గాలిని నొక్కి ఇంజనులోకి పంపే పరికరం) ఉన్న ఇంజను విప్పగానే చాలామంది ముందు బ్లాకును బోరింగ్‌కు, అంటే సిలిండరు గోడలను తొలిచి వెడల్పు చేసే పనికి, ఇచ్చేసి, తర్వాత పిస్టన్ల కోసం వెతుకుతారు. ఈ వరస తిరగబడాలి. పిస్టన్లు చేతికొచ్చాక ఒక్కోదాన్నీ మైక్రోమీటరుతో కొలిచి, ఆ కొలతకే బోరు చేయించాలి. పోత పిస్టనుకూ గోడకూ మధ్య 0.03–0.05 మి.మీ. సందు సాధారణం. 2618 అనే అల్యూమినియం మిశ్రమాన్ని నొక్కి చేసిన ఫోర్జ్‌డ్ పిస్టను వేడికి ఎక్కువ వ్యాకోచిస్తుంది, దానికి 0.08–0.10 దాకా కావాలి. ఖాయమైన అంకె పిస్టన్లతో వచ్చే కాగితంలోదే. పోత పిస్టను సందులో ఫోర్జ్‌డ్‌ది బిగించి, మే నెలలో లోడుతో గువ్వలచెరువు ఘాటు ఎక్కిస్తే పిస్టను గోడకు పట్టేస్తుంది.

అనంతపురం ఎండలో 42 డిగ్రీల గాలిని 0.7 బార్ బూస్టుకు (బయటి గాలి కంటే అంత ఎక్కువ ఒత్తిడికి) నొక్కితే, సూపర్‌చార్జర్ నుంచి దాదాపు 120 డిగ్రీలతో బయటికొస్తుంది. దాన్ని చల్లార్చే, బయటి గాలితో పనిచేసే ఇంటర్‌కూలర్ ఎంత మంచిదైనా దాన్ని 42 కంటే కిందికి దించలేదు. పంపులో దొరికే మామూలు పెట్రోలుతో ఇక్కడ 10:1 కంప్రెషన్ (పిస్టను కింద ఉన్నప్పటి చోటుకూ పైన ఉన్నప్పటి చోటుకూ నిష్పత్తి) ఉంచుకుంటే నాకింగ్‌ను, అంటే మిశ్రమం దానంతటదే పేలడాన్ని, పిలిచినట్టే, 8.5:1 క్షేమం. బోరు, స్ట్రోకు రెండూ 80 మి.మీ. అయితే సిలిండరు 402 సీసీ. 10:1కు పైన మిగలాల్సిన చోటు 44.7 సీసీ, 8.5:1కు 53.6. తేడా 9 సీసీ. అది పిస్టను తలలోని గుంట నుంచే రావాలి. మందం గ్యాస్కెట్‌తో సరిపెడితే పిస్టను అంచుకూ హెడ్డుకూ మధ్య సందు పెరిగి, మిశ్రమం సరిగా కలవక నాకింగ్ ఇంకా ముదురుతుంది.

ఇక రింగులు, పిస్టను చుట్టూ గాడుల్లో కూర్చుని గ్యాసును ఆపే, ఒకచోట తెగిన ఉంగరాలు. ఇంజను పోయేది ఎక్కువగా ఇక్కడే. 80 మి.మీ. బోరులో మామూలు ఇంజను పై రింగుకు కొసల మధ్య 0.32 మి.మీ. చాలు. బూస్టు ఉంటే 0.48 కావాలి. రింగు చుట్టుకొలత 251 మి.మీ.; గోడ కంటే అది 150 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే సుమారు 0.41 సాగుతుంది. 0.32 పూర్తిగా మూసుకుపోయి, కొసలు ఒకదాన్నొకటి నెట్టుకుని, రింగు గాడి అంచు విరుగుతుంది. కొలిచేటప్పుడు రింగును పిస్టనుతో 25 మి.మీ. లోపలికి తిన్నగా నెట్టి కొసల మధ్య ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చని రేకు) పెట్టాలి. ఒక కొసనే రాపి, గరుకు తీసేయాలి. రెండో రింగు సందు కొంచెం ఎక్కువ ఉండాలి, లేకపోతే మధ్యలో చిక్కిన గ్యాసు పై రింగును లేపుతుంది.

స్ట్రోకులో సగం, రాడ్ పొడవు, పిన్ను మధ్య నుంచి పిస్టను పై దాకా ఎత్తు: ఈ మూడింటి మొత్తం బ్లాకు ఎత్తుకు కుదరాలి. రాడ్ బోల్టులు మారిస్తే బిగించి, రాడ్‌కు క్రాంకు వైపున్న పెద్ద కన్ను గుండ్రాన్ని మళ్లీ కొలవాలి. 50 మి.మీ. జర్నలుకు (క్రాంకులో బేరింగు కూర్చునే భాగం) బేరింగు సందు 0.05 మి.మీ. సాగే రకం హెడ్ బోల్టులు రెండోసారి వాడొద్దు. పొరల ఉక్కు గ్యాస్కెట్ వేస్తుంటే బ్లాకు, హెడ్డు రెండూ నున్నగా ఫేసింగ్ చేయించాలి. గరుకు మీద అది బూస్టును ఆపలేదు.